మాఘమాసం చీటీ

మా అమ్మ రాసిన పద్దుల పుస్తకాలు పదకొండు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. మొదటిది 1981 ఉగాదికి మొదలైంది, ఆఖరిది 1992 నాటిది. మధ్యలో ఒక ఏడాదిది ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. నాన్న తెనాలిలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేసేవారు. మిల్లు లెక్కల పుస్తకాల్లో ఏడాది చివర మిగిలిపోయే తెల్లకాగితాలను యజమానిని అడిగి తెచ్చేవారు. అమ్మ వాటిని గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టుకుని, పైన పాత క్యాలెండరు అట్ట వేసుకునేది. కాగితాలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. అమ్మ అక్షరాలు చిన్నగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి.

కిందటి వేసవిలో వాటిని మొదటి పేజీ నుంచి వరసగా చదివాను. ఏడాది పొడుగునా పేజీలన్నీ ఒకే తీరుగా నడుస్తాయి. ఇంటద్దె, పాలు, కిరసనాయిలు, కూరలు, తమ్ముడికి పలక, నాన్నకి రైలు చార్జీ. కందిపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, చింతపండు, పసుపు అనే మాటలు నెలల తరబడి కనిపించవు. అవన్నీ ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో ఒకటి రెండు పేజీల్లో బారుగా వస్తాయి. ఆ పేజీ పైన ప్రతి ఏడూ అవే రెండు మాటలు: "చీటీ వచ్చింది."

చిన్నప్పుడు మా ఇంట్లో చీటీ కట్టేవాళ్లని నాకు తెలుసు. వీధిలో అందరూ కట్టేవాళ్లు. కానీ అమ్మ కట్టిన చీటీ వెనక ఉన్న లెక్క నాకు యాభై ఏళ్లు దాటాక, ఆ పేజీలు ముందేసుకుని కూర్చుంటే గాని అర్థం కాలేదు. దాని గురించి రాయాలనే ఇది మొదలుపెట్టాను.

అప్పుడు మేం తెనాలిలోని మారీసుపేటలో ఉండేవాళ్లం. ఒక గది, ఒక వంటిల్లు, ముందు వసారా, వెనక చిన్న దొడ్డి. అమ్మ, నాన్న, అక్క, నేను, తమ్ముడు. 1983లో నాన్న జీతం 450 రూపాయలు. పుస్తకంలో ప్రతి నెలా మొదటి వరస అదే. నెల మొదటి వారం అమ్మకి చాలా టెన్షన్‌గా ఉండేది. జీతం చేతికి రాగానే దాన్ని అద్దెకి, పాలకి, చీటీకి విడివిడిగా కాగితాల్లో చుట్టి పోపుల డబ్బా పక్కన పెట్టేది. చీటీకి యాభై. నాలుగువందల యాభైలో యాభై అంటే చిన్న మాట కాదు.

మాఘఫాల్గుణాల్లో పప్పులు చవకని మా వీధిలో తెలియనివాళ్లు లేరు. మాది కృష్ణా డెల్టా. వరి కోతకు ముందే, పైరు నిలబడి ఉండగానే చేలో మినుములు, పెసలు చల్లుతారు. వరి కోశాక నేలలో మిగిలిన తేమతోనే ఆ మొక్కలు పెరుగుతాయి. మాఘం దాటేసరికి కాయ ఎండి కళ్లాల్లోకి వస్తాయి. మెట్ట ఊళ్ల నుంచి కందులు వస్తాయి. గుంటూరు యార్డుకి కొత్త మిరపకాయలు వస్తాయి. పక్కనే దుగ్గిరాలలో పసుపు కొమ్ములు. కొత్త చింతపండు కూడా అప్పుడే. వంటింటికి ఏడాదికి కావలసినవన్నీ ఆ రెండు నెలల్లోనే బజారుకి వచ్చి పడతాయి.

కానీ ఆ నెలల్లోనే ఎవరి చేతిలోనూ డబ్బుండేది కాదు. అప్పుడే సంక్రాంతి వెళ్లి ఉంటుంది. కొత్తబట్టలు, అల్లుళ్లు, పిండివంటలు అయ్యాక చేతులు ఖాళీ. అందుకని చవకగా ఉన్నప్పుడు చూస్తూ ఊరుకుని, ఆషాఢశ్రావణాల్లో ధర పెరిగాక పచారీ కొట్టులో పావుకిలో, అరకిలో చొప్పున కొనుక్కునేవాళ్లు. అదీ ఎక్కువమంది ఖాతా మీద. ఖాతా ఉన్న మనిషి కొట్టులో బేరం ఆడలేదు. ఈ పప్పు పుచ్చింది, వేరేది పెట్టమని అడగలేదు. పాత బాకీ ఎంతుందో కొట్టాయనకి తెలుసు, మనకీ తెలుసు. అమ్మకి అది ససేమిరా ఇష్టం ఉండేది కాదు. కొట్టుకి నన్ను పంపినప్పుడల్లా చేతిలో చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, "రాయించకు అమ్మడూ, ఉన్నంతకే తీసుకురా" అనేది.

పేదవాడు సరుకు చవకగా ఉన్నప్పుడు కొనలేడు, చేతిలో డబ్బున్నప్పుడు కొంటాడు. ఆ రెండు రోజులూ ఎప్పుడూ కలవవు. వాటిని కలపడానికి మా అమ్మ చీటీని వాడుకుంది.

మొదటి ఏడాది, అంటే 1981లో, పుస్తకం మొదలయ్యేసరికి ఇంకా చీటీ లేదు. ఆ ఏడాది పుస్తకంలో మొదటి పేజీలోనే "పట్టీలు – 285" అని ఉంది. తన పెళ్లినాటి వెండి పట్టీలు అమ్మేసింది. ఆ డబ్బుతో ఆలస్యమైనా సరే ఆ ఏడాదికి కందులు, మినుములు కొనేసింది. అలా కొనడం వల్ల ఆ ఏడు పచారీ కొట్టుకి పోవలసిన డబ్బు నెలనెలా మిగిలింది. మిగిలిన ఆ డబ్బులోంచే మే నెలలో చీటీ మొదలుపెట్టింది.

చీటీ నడిపేది మా వీధి చివర ఉండే ఒక టైలరు గారి భార్య. పన్నెండుమంది ఆడవాళ్లు, తలా యాభై, పన్నెండు నెలలు. మొదటి నెల ఆరువందలూ పాట లేకుండా నడిపే ఆవిడకి. రెండో నెల నుంచి ఆవిడ వసారాలో ఆదివారం మధ్యాహ్నం పాట. ఎవరు తక్కువకి ఒప్పుకుంటే వాళ్లకి చీటీ. మిగిలిన డబ్బు పన్నెండుమందికీ సమానంగా తగ్గుతుంది. బడులు తెరిచే జూన్, జులైల్లో ఫీజులకి, పుస్తకాలకి ఇద్దరు ముగ్గురు పోటీ పడితే ఆరువందల చీటీ 480కి పోయేది. మిగిలిన 120 పంచితే తలా పది. ఆ నెల అందరూ నలభై కడితే చాలు. అమ్మ ఆ పాటలకి వెళ్లి కూర్చునేది కానీ నోరు విప్పేది కాదు. తగ్గిన పదీ పుస్తకంలో "చీటీలో మిగులు" అని రాసుకుని, మళ్లీ వేరే కాగితంలో చుట్టి పెట్టేది.

మే నెలలో చీటీ మొదలైతే ఫిబ్రవరికి పదో నెల. అప్పటికి తొమ్మిదిమంది ఎత్తేసుకుని ఉంటారు. ముగ్గురే మిగులుతారు. అందులోనూ సంక్రాంతి అవసరం ఉన్నవాళ్లు డిసెంబరు, జనవరిలోనే పాడేసుకుంటారు. కాబట్టి ఫిబ్రవరిలో పోటీ ఉండదు. అమ్మ 594కి పాడుకున్నట్టు 1984 పుస్తకంలో ఉంది. ఆరు రూపాయలు వదులుకుని, మాఘమాసంలో దాదాపు ఆరువందలు చేతిలో పెట్టుకుంది. చీటీ మే నెలలోనే మొదలుపెట్టమని ఆవిడని అడిగింది కూడా అమ్మేనట. ఈ సంగతి ఈ మధ్యే చెప్పింది. "పండగ దాటాక ఎవరికీ అక్కర్లేదు కదా, అందుకని" అంది, అదేదో అందరూ చేసేదే అన్నట్టు. అమ్మ చదివింది ఐదో తరగతి.

చీటీ వచ్చిన వారం మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. నాన్న ఆదివారం పాసింజరు బండిలో గుంటూరు వెళ్లి మిరపకాయలు తెచ్చేవారు. కందులు ముప్ఫై కిలోలు, మినుములు పదిహేను, పెసలు ఐదు, గింజ తీయని చింతపండు పన్నెండు కిలోలు, పసుపు కొమ్ములు రెండు కిలోలు. ఇవన్నీ పుస్తకంలో ఉన్న లెక్కలే. కందిపప్పు కాకుండా కందులు కొనడం, గింజ తీసిన చింతపండు కాకుండా గింజతో కొనడం, కారం కాకుండా కాయలు కొనడం. మనం చేసుకోగలిగిన పనికి ఇంకొకరికి కూలి ఎందుకివ్వాలన్నది అమ్మ మాట. ఆ కూలి మేం ముగ్గురు పిల్లలమూ, అమ్మా చేసేవాళ్లం.

కందులకి ఆముదం పట్టించి రెండు మూడు రోజులు ఎండబెట్టేది. తర్వాత తిరగలి. అక్క ఒకవైపు, అమ్మ ఒకవైపు కూర్చుని పిడి పట్టుకుని తిప్పేవారు. నేను గుప్పెళ్లతో కందులు పోసేదాన్ని. రాళ్ల మధ్య నుంచి పప్పు బద్దలు చుట్టూ రాలుతుంటే వచ్చే ఆ ఘుమఘుమ వాసన ఇంకే ఇంట్లోనూ నాకు తగల్లేదు. తర్వాత చేటతో చెరగడం. చెరిగితే మూడు కుప్పలు. మంచి బద్దలు డబ్బాల్లోకి. కందినూక వేయించి కందిపొడికి. పొట్టు గేదెకి. పారేసేది ఏమీ లేదు. డబ్బాల్లో ఎండిన వేపాకు వేసి మూత పెట్టేది.

చింతపండు రోజు పిల్లలందరికీ పండగే. రోకటిబండతో మెల్లగా కొట్టి, ఈనెలు లాగి, గింజలు తీసి, ఉప్పు కలిపి ముద్దలు చేసి జాడీకి పెట్టడం అమ్మ పని. పిక్కలు మావి. వాటితో వేసవంతా చింతపిక్కలాట. మిరపకాయలకి తొడిమలు తీసే రోజు మాత్రం చేతులు రెండు రోజులు మండేవి. పొరపాటున కళ్లు నలుపుకుంటే ఇక ఏడుపే. అమ్మ కొబ్బరినూనె రాసి ఒళ్లో కూర్చోబెట్టుకునేది. ఆ పనులన్నీ మాకు కష్టంగా ఉండేవి కాదని అంటే అబద్ధం. అక్క పదో తరగతి చదువుతూ తిరగలి విసిరింది. దాని అరచేతిలో పుండ్లు పడటం నాకు గుర్తుంది.

బియ్యం సంగతి వేరు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టింది. మనిషికి ఐదు కిలోలు, ఇంటికి ఎక్కువలో ఎక్కువ ఇరవై ఐదు. మేం ఐదుగురం కాబట్టి సరిగ్గా ఇరవై ఐదు వచ్చేవి. పుస్తకంలో ఆ ఏడు "రేషన్ బి. 50" అని కొత్త వరస మొదలవుతుంది. అవి ముతకబియ్యం, మట్టిబెడ్డలు ఏరుకోవాలి. అమ్మ వాటిని పొద్దుటి చద్దన్నానికి, అట్లపిండికి, జంతికలకి వాడేది. మిగతా రోజులకి మిల్లులో నాన్నకి తక్కువ ధరకి ఇచ్చే నూకలు. బియ్యపునూకతో, పెసరపప్పు వేసి ఉప్పిండి, పక్కన మజ్జిగ పులుసు. వారంలో మూడు రాత్రులు అదే. ఇప్పటికీ మా ఇంట్లో అందరికీ అదంటే ప్రాణం.

మంచి బియ్యం ఒక బస్తా ఎప్పుడూ ముందుండాలని అమ్మ నియమం. కొత్త బియ్యం ఒదగవు, ముద్దయిపోతాయి. అదే బియ్యం ఏడాది నిలవుంటే గిన్నె నిండుతుంది. సోలెడు పాత బియ్యంతో సరిపోయేచోట కొత్తవి సోలన్నర పడతాయి. అందుకని ఈ ఏడు కొన్న బస్తా వచ్చే ఏడు విప్పడం. ఆ ముందు బస్తా ఒక్కటి సంపాదించుకోవడానికి ఆవిడకి రెండేళ్లు పట్టింది. రోజూ బియ్యం కొలిచాక అందులోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. రెండు పూటలా పిడికెడు చొప్పున వేస్తే నెలకి మూడు కిలోల దాకా అయ్యేవి. ఆ కుండలోవే ముందు బస్తాకి తోడయ్యేవి.

తర్వాత రోజుల్లో, 1990ల మొదట్లో, సారా వ్యతిరేక ఉద్యమం అయ్యాక నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. మా పిన్ని ఆ ఊళ్లవైపే ఉండేది. తను వచ్చి ఆ సంగతులు చెబుతుంటే అమ్మ ఎంత శ్రద్ధగా విన్నదో. "మన మారీసుపేటలో ఇలా అందరం కలిస్తే ఎంత బాగుండేదే, ఎవరి పిడికెడు వాళ్లం దాచుకున్నాం" అంది. ఆ మాట నాకు చాలాసార్లు గుర్తొస్తుంది.

పొయ్యిది ఇంకో కథ. గ్యాసు కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూశాం. కిరసనాయిలు స్టవ్వు ఉండేది గాని, రేషన్లో ఇచ్చేది దీపాలకీ, దానికీ కలిపి సరిపోదు. అందుకని వేన్నీళ్లకి, పప్పు ఉడకడానికి పొట్టు పొయ్యి. కలప అడితిలో రంపపు పొట్టు గోతాంతో తెచ్చుకునేవాళ్లం. రేకు పొయ్యి మధ్యలో గుండ్రటి కర్ర నిలబెట్టి, కింద కన్నం దగ్గర ఇంకో కర్ర పెట్టి, చుట్టూ పొట్టు వేసి గట్టిగా కూరాలి. తర్వాత రెండు కర్రలూ మెల్లగా తిప్పుతూ లాగేస్తే లోపల గొట్టంలాంటి దారి మిగులుతుంది. కింద నుంచి ఒక కాగితం అంటిస్తే చాలు, మూడు గంటలు ఆరకుండా మండుతుంది. కూరడం వదులుగా ఉంటే మధ్యలో కూలిపోయి పొగ చిమ్ముతుంది. సరిగ్గా కూరడం నాకు బాగా వచ్చేది. అమ్మ చేతిలో నాకు దొరికిన మొదటి మెప్పు అదే.

వెనక సందులో రెండు గేదెలున్న ఒక మామ్మగారు ఉండేవారు. మా బియ్యం కడుగు, గంజి, కూరల తొక్కలు, కందిపొట్టు అన్నీ ఒక కుండలో వేసి ఉంచితే సాయంత్రం మామ్మగారి మనవడు వచ్చి కుడితికి పట్టుకెళ్లేవాడు. పొద్దున్నే మామ్మగారు ఒక చెంబుడు మజ్జిగ పంపేవారు. కళ్లాపికి, పిడకలకి పేడ కూడా. దీనికి పుస్తకంలో లెక్క లేదు. రెండిళ్ల మధ్యా ఒక్క పైసా మారలేదు. నీళ్ల మజ్జిగే అయినా, అందులో కరివేపాకు, పచ్చిమిర్చి నలిపి వేస్తే వేసవిలో మధ్యాహ్నం దాంతోనే గడిచేది. బీరకాయ వండిన రోజు మాత్రం తొక్క కుడితిలోకి పోయేది కాదు. బీరపొట్టు పచ్చడి మా నాన్నకి ఇష్టం. "అమ్మాయ్, ఇవాళ మీ ఇంట్లో బీరకాయ కూర కాబోలు, మా గేదె చిన్నబోయింది" అని మామ్మగారు గోడ మీంచి నవ్వేవారు.

దొడ్డిలో ఒక ములగచెట్టు, కరివేపాకు, గోడకి పాకించిన బచ్చలి. వసారా చూరు మీదకి ఆనపపాదు. పొట్లాలకి కట్టిన దారాలన్నీ ఉండలా చుట్టి దాచేది, పాదులు కట్టడానికి. ఇలాంటివి చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. కుంకుడుకాయలు, సున్నిపిండి, పాతచీరలతో బొంతలు. అవి ఆ రోజుల్లో అందరిళ్లలోనూ ఉన్నవే.

ఆవకాయ సంగతి మాత్రం చెప్పాలి.

ఏడాదికి వంద కాయలతో ఆవకాయ పెట్టేది అమ్మ. వేసవిలో అంత పప్పునూనె కొనడం మా ఇంటికి పెద్ద ఖర్చు. చీటీలో నెలనెలా తగ్గిన పదులు పోగేసినది దానికే. ఆవకాయంటే మాకు పక్కన నంజుకునేది కాదు. కూర లేని రోజు అదే కూర. పెద్ద జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి అటక మీద పెట్టేది. పదిహేను రోజులకోసారి అమ్మే తలస్నానం చేసి, చేతులు పొడిగా తుడుచుకుని, చిన్న జాడీలోకి తీసేది. పెద్ద జాడీ మేం ముట్టుకోకూడదు.

1984 శ్రావణంలో ఒక మధ్యాహ్నం అమ్మ పేరంటానికి వెళ్లింది. చిన్న జాడీలో ఆవకాయ అడుగంటింది. నాకు ఆవకాయ ముక్క కావాలనిపించింది. చేతులు కడుక్కుని, స్టూలెక్కి, వాసెన విప్పి చెయ్యి పెట్టాను. చెయ్యి తడిగా ఉంది. ఆ సంగతి కూడా నాకు తట్టలేదు. ముక్క తినేసి, వాసెన మళ్లీ ఎలా ఉందో అలా కట్టాననుకున్నాను.

పది పన్నెండు రోజుల తర్వాత అమ్మ జాడీ దింపింది. వాసెన విప్పగానే వాసన తేడాగా వచ్చింది. పైనంతా తెల్లటి బూజు. అమ్మ జాడీ ముందు అలా కూర్చుండిపోయింది. వాసెన ముడి వైపు చూసింది. ఆ ముడి తనది కాదని తెలిసిపోయింది. నా వైపు చూసింది. నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు. గరిటెతో పై భాగం అంతా తీసేసి, అడుగున బాగున్నది వేరు చేసి, ఎండలో పెట్టి, ఉప్పు వేసి, నూనె కాచి చల్లార్చి పోసింది. సగానికి సగం పోయింది.

ఆ రాత్రి నాన్న అడిగారు, "ఆవకాయ ఇంత కొంచెమే ఉందేంటి?" అని.

"వానాకాలం కదండీ, చెమ్మ తగిలింది. సగం పారబోశాను" అంది అమ్మ, ఆయనకి మజ్జిగ వంచుతూ.

నాన్న కోపిష్టి కాదు. చెప్పినా నన్ను కొట్టేవారు కాదు. అయినా చెప్పలేదు. నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. పడుకున్నాక వచ్చి నా పక్కన కూర్చుని, "రేపు నిమ్మకాయల మార్కెట్‌కి వెళదాం, నువ్వు కూడా రావాలి" అంది.

తెనాలి నిమ్మకాయల మార్కెట్ పెద్దది. వేసవిలో నిమ్మకాయకి ఉన్న ధర వానాకాలానికి ఉండదు. లారీలకి ఎక్కించే మంచి కాయలు పోగా, మచ్చలున్నవి, చిన్నవి ఏరివేతలో మిగులుతాయి. అమ్మ ఒక సంచీడు మచ్చకాయలు అతి చవకగా బేరమాడి కొంది. ఇంటికొచ్చి రెండు రోజులు ఇద్దరం ముక్కలు కోశాం. కత్తిపీట దగ్గర నా వేలు కోసుకుంది. ఉప్పు, పులుపు తగిలి మండిపోతుంటే కూడా నేను లేవలేదు. ఆ ఏడు నిమ్మకాయ, తర్వాత కార్తీకంలో ఉసిరికాయ, మార్గశిరంలో చింతకాయ తొక్కు. మళ్లీ మామిడికాయ వచ్చేదాకా ఇల్లు అలా నడిచింది. పుస్తకంలో ఆ రోజు పద్దు చూశాను. "నిమ్మకాయలు" అనే ఉంది. ఎందుకు కొనవలసి వచ్చిందో ఏమీ లేదు.

ఈ పుస్తకాల్లో నాకు బాధ కలిగించిన చోటు కూడా ఉంది. అది దాచిపెట్టి మిగతాదంతా తీపిగా రాస్తే అమ్మకి అన్యాయం చేసినట్టవుతుంది. 1985 దీపావళి పేజీలో నాన్నకి పంచెల చాపు, అక్కకి ఓణీ, నాకు గౌను గుడ్డ, తమ్ముడికి నిక్కరు గుడ్డ అని వరసగా రాసి, చివర "చీర ఫాల్ – 1" అని ఉంది. అమ్మకి ఆ పండక్కి వచ్చింది అదొక్కటే. పాత చీరకి కొత్త ఫాల్. ఆ తర్వాతి ఏడు "లవంగాలు" అని నెలలో మూడుసార్లు ఉంటుంది. వంటకి కాదు. అమ్మకి పన్ను నొప్పి. లవంగం నొక్కిపెట్టుకుని ఏడాదిన్నర లాగింది. ఆఖరికి రెండు పళ్లు తీసేయవలసి వచ్చింది. అందరం తిన్నాక అమ్మ ఒక్కతే తినేది. ఆవిడ కంచంలో కూర ఉందో లేదో మేం ఎవరమూ ఎప్పుడూ చూడలేదు.

కందులు మాఘంలో కొనడాన్ని నేను పొదుపంటాను, ఎంతైనా మెచ్చుకుంటాను. పన్ను నొప్పిని ఓర్చుకోవడాన్ని పొదుపు అనను. అది ఆవిడ మా కోసం పోగొట్టుకున్నది. అమ్మతో ఈ మాట అంటే ఒప్పుకోదు. "అప్పుడు అలాగే గడిచిందే" అంటుంది.

1992తో పుస్తకాలు ఆగిపోయాయి. అక్కకి పెళ్లయింది, నేను ఉద్యోగంలో చేరాను, గ్యాసు కూడా వచ్చింది. సిలిండరు పెట్టిన రోజు క్యాలెండరు మీద గుర్తు పెట్టి, అరవై రోజులు రావాలని చూసుకునేది. పప్పు ముందే నానబెట్టి, ఒక పొంగు రాగానే మంట తగ్గించి మూత పెట్టేది. వేన్నీళ్లకి మాత్రం చాలాకాలం పొట్టు పొయ్యే.

1999 జనవరిలో రాష్ట్రంలో రైతుబజార్లు మొదలుపెట్టారు. ఆ ఏడు అమ్మ హైదరాబాదులో నా దగ్గర ఉంది. ఎర్రగడ్డ రైతుబజారుకి తీసుకెళ్లాను. పలక మీద ఆ రోజు ధరలన్నీ సుద్దతో రాసి ఉన్నాయి. అమ్మ ఆ పలక ముందు నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివింది. "ఇలా ముందే రాసి పెడితే ఎవరినీ మోసం చెయ్యలేరు కదే" అని ఎంత సంబరపడిందో. తర్వాత ఒక్కో రైతు దగ్గరా ఆగి, మీది ఏ ఊరు, ఎన్ని గంటలకి బయల్దేరారు అని అడగడం మొదలుపెట్టింది. రెండు కట్టల తోటకూర కొనడానికి గంట పట్టింది. నాకు ఆఫీసు టైమవుతోంది గాని, తొందరపెట్టబుద్ధి కాలేదు. ఆవిడని బజారులో అంత హాయిగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు. చిన్నప్పుడు బజారంటే ఆవిడ మొహం బిగుసుకుపోయేది.

ఇప్పుడు నా ఇంట్లో సరుకులు ఫోన్లో నొక్కితే వస్తాయి. అరకిలో కందిపప్పు అయిపోతే అరకిలో వస్తుంది. నా దగ్గర డబ్బుంది కాబట్టి ఏ నెల కొన్నా నాకు పట్టింపు లేదు. కానీ మా ఇంట్లో పని చేసే అమ్మాయి మా చిన్నప్పటి వీధివాళ్లలాగే పావుకిలో చొప్పున కొంటుందని, అది కూడా నెలాఖరుకి ఖాతా మీదేనని ఈ మధ్యే తెలిసింది. అమ్మ పుస్తకాలు చదివాక ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఫిబ్రవరికి ముందు నుంచీ కొంచెం కొంచెం నా దగ్గర దాచుకోమని చెప్పాను. ఈ ఏడు తనకి పది కిలోల కందిపప్పు, నాలుగు కిలోల చింతపండు ఒకేసారి కొన్నాం. వచ్చే ఏడు మిర్చి కూడా కొనాలని తనే లెక్క వేసుకుంటోంది.

అమ్మకి ఇప్పుడు డెబ్భై తొమ్మిది. తమ్ముడి దగ్గర తెనాలిలో ఉంటుంది. ఈ ఫాల్గుణంలో నా దగ్గరికి వచ్చింది. గింజ తీయని చింతపండు పది కిలోలు తెప్పించాను. మా అపార్టుమెంటు బాల్కనీలో పాత చీర పరిచి ముగ్గురం కూర్చున్నాం. నేను, అమ్మ, మా అమ్మాయి. అమ్మ చేతులు వణుకుతున్నాయి, రోకటిబండ పట్టలేదు. నేను కొట్టి ఇస్తుంటే ఈనెలు లాగుతూ, పిక్కలు ఒక పక్కకి, పండు ఒక పక్కకి వేస్తూ కూర్చుంది. మా అమ్మాయి పిక్కలు గుప్పిట్లోకి తీసుకుని దేనికని అడిగింది. అమ్మ నేల మీద ఐదు పిక్కలు వేసి ఆట చూపించింది.

పని అయ్యాక అమ్మ పిక్కల కుప్పని ఒకసారి, పండు కుప్పని ఒకసారి చేత్తో తడిమి చూసింది.

"ఈ ఏడు పిక్క తక్కువ, కండ ఎక్కువ. కిలో ఎంతకిచ్చాడే?" అని అడిగింది.

చెప్పాను. కాసేపు మనసులో లెక్క వేసుకుని, తల ఊపింది.